సీటు కింద ఉప్పు మూట

ఆ జీపు నాది కావాల్సింది. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు గానీ, రెండేళ్ళపాటు లోపల రోజుకోసారైనా అనుకుంటూనే ఉన్నాను. జీపు మా తోడల్లుడిది, అంటే మా ఆవిడ చెల్లెలి భర్తది. ఇక్కడే అండమాన్‌లో, రేవుకి అవతల బాంబూఫ్లాట్‌లో ఉంటాడు, స్కూల్లో హిందీ మాస్టారు. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దవాడే అయినా, నేను పెద్దల్లుణ్ణి కాబట్టి వరస ప్రకారం నన్ను అన్నయ్యా అని పిలుస్తాడు. ఆ పిలుపులో ఎక్కడైనా వెటకారం ఉందేమోనని చాలాసార్లు చెవులు రిక్కించి విన్నాను. ఎప్పుడూ దొరకలేదు. దొరికి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

నేను ఛాతం జెట్టీకీ బాంబూఫ్లాట్‌కీ మధ్య మనుషుల్నీ బండ్లనీ దాటించే ఫెర్రీలో ఇంజిన్ డ్రైవర్ని. పేరులో డ్రైవరని ఉంది గానీ చుక్కాని పట్టేది పైనున్నాయన. నేను కింద ఇంజిన్ గదిలో చెవుల్లో దూది పెట్టుకుని, ఆయిలు మరకలతో రోజు గడుపుతాను. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చాడు. మా నాన్న ఆ వలలతోనే బతికాడు. నాకు మాత్రం చేపల మీద కంటే ఇనుము మీద మనసు పోయింది. లంబాలైన్‌లో మా ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నది కూడా అందుకే. పాత బండి ఒకటి తెచ్చుకుని, తొందరేమీ లేకుండా, పదేళ్ళు పట్టినా సరే, ప్రతి నట్టూ విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, దాన్ని నా చేతుల్తో నిలబెట్టాలని కోరిక. మా ఆవిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద.

“ఒకటే బండి. అది బాగోలేదని ఇంకోటి తెచ్చావనుకో, ఆ రెండింటితో పాటు నువ్వూ షెడ్డులోనే పడుకో,” అంది.

ఒకటే అన్నప్పుడు ఎంచుకోవడమే సగం పని. మెయిన్‌ల్యాండ్‌లో పాత బండి కొనేవాడు ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి వింటాడట. మా దగ్గర ఆ పని చివర. ముందు బండి కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకోవాలి. స్క్రూడ్రైవర్‌తో చాసీని పొడుచుకుంటూ పోవాలి. ఎక్కడైనా అది పుసుక్కున లోపలికి దిగిందంటే ఆ బండిని మరిచిపోవడం మంచిది. ఇంజిన్ ఎంత చెడినా దారిలోకి తేవచ్చు. ఉప్పుగాలి తిన్న ఇనుముతో మాత్రం ఏళ్ళ తరబడి కుస్తీ పట్టాలి. ఇంకో చిక్కు విడిభాగాలు. ఏ చిన్న బుష్షు కావాలన్నా ఓడ మీద రావాలి, ఆ ఓడ ఎప్పుడొస్తుందో ఓడకే తెలియదు. కాబట్టి ఇక్కడే కోసుకుని, వంచుకుని చేసుకోగలిగిన రేకులున్న బండి కావాలి.

అలా రెండేళ్ళు వెతికి, పొడిచి, కాదనుకుని, చివరికి రెంటిని మిగుల్చుకున్నాను. ఒకటి డాలీగంజ్‌లో ఒక ఇంటి వెనకున్న అంబాసిడర్. చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ ఒళ్ళంతా వంపులే. ఆ వంపుల్లో రేకు చెడితే మళ్ళీ అదే వంపు తేవడం నా తరం కాదు. రెండోది బాంబూఫ్లాట్‌లో ఈ జీపు. పూర్వం కలప పనులు చేయించిన ఒక పెద్దాయనది. ఏటా వానలకి ముందు దాని కింద కాలిన ఇంజిన్ ఆయిల్ పూయించేవాడట. నేను కిందకి దూరి పొడిస్తే స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగలేదు. నల్లటి జిడ్డు కింద ఇనుము ఠంగుమంది. పలకల్లాంటి తిన్నని రేకులు, చేత్తో తడిమితేనే అర్థమైపోయే ఇంజిన్. పెళ్ళిచూపుల నాడు కూడా నా ఒళ్ళు అంతగా ఝల్లుమనలేదు.

“నీకిష్టమైనప్పుడు వచ్చి తీసుకుపో బాబూ, నాకేటీ తొందర్లేదు,” అన్నాడు పెద్దాయన. నాకూ తొందర లేకపోయింది. డ్యూటీ అయ్యాక వారం వారం వెళ్ళి, టార్పాలిన్ పైకెత్తి చూసి, ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేవాణ్ణి. రేపో మాపో మనదయ్యే వస్తువుని చూసుకుంటూ ఉండడంలో ఒక సుఖముంది. ఆ సుఖం కోసమే ఆలస్యం చేశాను.

ఇక్కడ మావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. వేటకి పోయే మనిషి చేపలున్న చోటు ఎవరికీ చెప్పడు. అడిగితే ఇంకో దిక్కు చూపిస్తాడు. మాలో దాన్ని ఎవరూ అబద్ధమనరు. నేను ఒక్కనాడూ వల వేసి ఎరగను గానీ ఆ బుద్ధి మాత్రం వచ్చింది. ఒక ఆదివారం అత్తవారింట్లో భోజనాల దగ్గర ఆ జీపు మాట వచ్చింది. చేపల పులుసు కలుపుకుంటూ, ఆపుకోలేక, దాని చాసీ గురించీ రేకుల గురించీ అరగంట మాట్లాడాను. అంతా విని తోడల్లుడు అడిగాడు.

“అయితే నువ్వే తీసుకుంటన్నావా అన్నయ్యా?”

“అబ్బే, నాకెందుకు! నేను డాలీగంజ్ అంబాసిడర్‌కే ఫిక్స్ అయిపోయాను,” అన్నాను. నోరు దానంతటదే ఇంకో దిక్కు చూపించేసింది.

తర్వాతి ఆదివారం వెళ్తే టార్పాలిన్ మడతపెట్టి ఉంది, జీపు లేదు. “మీ తోడల్లుడే తీసుకెళ్ళాడు. నీ పేరే సెప్పాడు,” అన్నాడు పెద్దాయన నవ్వుతూ. పరుగులాంటి నడకతో వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో జీపు ఉంది. దాని పక్కన చేతులు కట్టుకుని అతనున్నాడు.

“దేఖో అన్నయ్యా! ఇంతకంటే మంచి గాడీ అండమాన్ మొత్తంలో దొరకదని నువ్వే సెప్పావు గదా. నీ మాట మీదే తెచ్చీసినాను. నాకు స్పానర్ ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. నువ్వే సిఖానా పడేగా,” అన్నాడు. నువ్వే నేర్పాలని.

నోటికాడి కూడు లాక్కుపోయినవాడు ఇంత అమాయకంగా ఉంటే ఏం చేస్తాం? తిడదామన్నా సందు లేదు. నేను వద్దన్నదాన్నే కదా అతను తీసుకున్నాడు. “మంచి పని చేశావు,” అన్నాను.

అక్కణ్ణుంచి ఏడాదిన్నర పాటు నా ఆదివారాలన్నీ ఆ వాకిట్లోనే గడిచాయి. వెళ్ళకుండా ఉండొచ్చు, ఎవరూ నన్ను కట్టేసి తీసుకెళ్ళలేదు. కానీ వేరే ఎవరో మెకానిక్ ఆ జీపు మీద చెయ్యి వేస్తాడంటే భరించలేకపోయాను. అతను విసిగిపోయి ఎప్పుడో ఒకరోజు వదిలేస్తాడని ఆశ కూడా ఉండేది. అతను విసగలేదు. విప్పిన ప్రతి బోల్టునీ కిరసనాయిల్లో కడిగి, అగ్గిపెట్టెల్లో వేసి, పైన హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కడిదో రాసి పెట్టేవాడు. ఆ ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు నేను గేర్‌బాక్స్ మూత బిగించి లేవబోతుంటే, “అన్నయ్యా, ఈ వాషర్ మిగిలిపోయినట్టుంది,” అన్నాడు, ఎంతో భయంగా. నిజంగానే మిగిలిపోయింది. ఇరవై ఏళ్ళు ఇంజిన్ గదిలో బతికినవాణ్ణి, నాకు హిందీ మాస్టారు వాషర్ చూపించాడు. ఆ పూట వాళ్ళింట్లో అన్నం సయించలేదు.

అయినా ఒక్కటి చెప్పుకోవాలి. ఆ జీపులో నేను ఒక్క బోల్టు కూడా వదులుగా బిగించలేదు. కడుపులో మంట ఉన్నా చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది. పక్క సీటు కింద నేల రేకు పాతదైపోతే కోసేసి, కొత్త రేకు కొలిచి, వంచి, వెల్డింగ్ చేశాను. దానికే ఆరు ఆదివారాలు పట్టాయి. వేలితో తడిమితే అతుకు తెలిసేది కాదు. నా జీవితంలో అంత శుభ్రమైన పని ఇంకోటి చేయలేదు.

జీపు తయారైంది. ముదురాకుపచ్చ రంగు వేయించాడు. మొదటిసారి రేవు దాటించి మా ఇంటికి తెచ్చిన రోజున నేను డ్యూటీలో ఉన్నాను. అతనూ, మరదలూ, మా అత్తగారూ జీపులోనే కూర్చుని నా ఫెర్రీ ఎక్కారు. ఇంజిన్ గది నుంచి మెట్లెక్కి తల బయటపెట్టి చూస్తే, జనమంతా జీపు చుట్టూ మూగి ఉన్నారు. “అరే భయ్యా, మస్త్ గాడీ! ఖుద్ బనాయా?” అని ఎవరో అడుగుతున్నారు. నువ్వే చేసుకున్నావా అని. అతను గొప్పకి పోయి అవునని ఉంటే బాగుండేది, నాకు కోపం తెచ్చుకునే హక్కు దొరికేది. “నహీ నహీ, మేరే భాయ్ నే బనాయా. నీచే ఇంజన్ మే హై,” అని, మా అన్నయ్యే చేశాడంటూ కింద ఉన్న నన్ను చూపించాడు. అందరూ ఒకసారి నా జిడ్డు మొహం చూసి, మళ్ళీ జీపు వైపు తిరిగి, “ఎంత మంచి మనిషో, తనదని చెప్పుకోవడం లేదు,” అని అతన్నే మెచ్చుకున్నారు. నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రమే మా వాకిట్లో ఆ పని జరిగింది. అందరం జీపు చుట్టూ నిలబడి ఉండగా మా అత్తగారు మా వంటింట్లోకి వెళ్ళి, రెండు గుప్పిళ్ళ కళ్ళుప్పు ఎర్రగుడ్డలో మూటకట్టి తెచ్చింది. జీపుకి మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. సాధారణంగా తీసిన ఉప్పు నీళ్ళలో పారేస్తారు. ఆవిడ పారేయలేదు.

“నరుడి కంటికి నల్లరాయైనా పగుల్తాదంటారు. ఫెర్రీలో సూళ్ళేదా, అందరి కళ్ళూ దీని మీదే. ఊరోళ్ళ కళ్ళు ఒకెత్తు, అయినోళ్ళ కళ్ళు ఒకెత్తు. ఈ మూట బండిలోనే ఉండాల,” అంటూ వంగి పక్క సీటు కింద కమ్మీకి కట్టేసింది.

అయినవాళ్ళు అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. చూడకపోయినా నాకు దొంగకి తేలు కుట్టినట్టైంది. అదే నిమిషంలో ఇంకో సంగతి కూడా నా బుర్రలోకి వచ్చింది. మా ఇళ్ళల్లో వానాకాలం ఉప్పు డబ్బా మూత తీస్తే ఉప్పు కరిగి అడుగున నీళ్ళు కనిపిస్తాయి. ఆ మూట కూడా కరుగుతుంది. బొట్టు బొట్టుగా కారి నేను వేసిన రేకు మీద పడుతుంది. పైన పరిచిన రబ్బరు పట్టా కింద నిలుస్తుంది. అతుకులోంచి చాసీలోకి దిగుతుంది. ఓడల మీద పనిచేసేవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. మేం ఫెర్రీలో ఉప్పునీళ్ళు చిందిన ప్రతి ఇనుప ముక్కనీ మంచినీళ్ళతో కడుగుతాం.

తోడల్లుడికి కూడా ఏదో అనుమానం వచ్చినట్టుంది. “పర్లేదా అన్నయ్యా, అక్కడుంటే?” అని నన్నే అడిగాడు.

ఒక్క మాట చాలు. ఆ మూటని అద్దం దగ్గర వేలాడదీయండి అత్తయ్యా, అంటే సరిపోయేది. ఆవిడేమీ అనేది కాదు. నేను జీపు వైపు చూశాను. ఆకుపచ్చగా మెరుస్తోంది. నాది కావాల్సింది.

“పెద్దవాళ్ళ మాట, ఉండనీ,” అన్నాను.

తర్వాత వానలు మొదలయ్యాయి. నేను బాంబూఫ్లాట్ వెళ్ళడం మానేశాను. అడిగితే డ్యూటీలన్నాను. నా బండి సంగతి తేల్చుకుంటానని డాలీగంజ్ వెళ్ళి ఆ అంబాసిడర్ చుట్టూ తిరిగాను. తలుపు మూసి చూశాను, కింద పడుకుని పొడిచాను. నా ధ్యాసంతా ఇది జీపుని మరిపిస్తుందా, ఫెర్రీ ఎక్కిస్తే జనం దీని చుట్టూ మూగుతారా అన్నదాని మీదే. పదేళ్ళు దీంతో కాపురం చేయగలనా అని నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లూ ఏమీ తేల్చకుండా వచ్చాను. ఐదోసారి చెప్పులు వేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఒక్కటి సచ్ బోలో, నిజం చెప్పు. నీకు బండి కావాలా, మరిది బండి పోవాలా?”

“ఏం మాటలవి?” అని కసిరాను. ఆవిడ పక్కకి తప్పుకుంది. ఆ రోజు నేను ఎక్కడికీ వెళ్ళలేదు. ఆవిడకి ఉప్పు సంగతి తెలియదు. నేను చెప్పలేదు. వాన పడుతున్నప్పుడల్లా షెడ్డులో కూర్చుని ఆ మూట గురించే ఆలోచించేవాణ్ణి. ఇప్పటికి సగం కరిగి ఉంటుంది, ఇప్పటికి అతుకు దాకా వచ్చి ఉంటుంది అని. ఫోన్ చేసి ఒక్కమాట చెప్పడానికి నాకు నాలుగు నెలల టైముంది. చెయ్యలేదు. సంతోషించానా అంటే, సంతోషించాను. అబద్ధమెందుకు?

వానలు తగ్గాక అతనే ఫోన్ చేశాడు. “అన్నయ్యా, జల్దీ రా. బండి కింద జంగు నీళ్ళు కారుతున్నాయి,” అన్నాడు. తుప్పు నీళ్ళని. వెళ్ళాను. పట్టా ఎత్తితే రేకు తుప్పు పొరలు పొరలుగా లేచి వచ్చింది. అరచేయి పట్టేంత కన్నం పడింది. కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచాను. పెద్దాయన ఏళ్ళ తరబడి ఆయిల్ పూయించి కాపాడిన చాసీలోకి, రంగు వేయడానికి మేమే ఆ ఆయిల్ జిడ్డంతా గీకేసిన చోట, అది పుసుక్కున దిగింది. ఆ చప్పుడు వినాలని నాలుగు నెలలు ఎదురుచూసినవాణ్ణి. తీరా విన్నాక, స్క్రూడ్రైవర్ బయటికి లాగి ఆ కన్నాన్ని బొటనవేలితో మూశాను.

పైకి వచ్చేసరికి అతను ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందులో ఉప్పు లేదు.

“ఇదే గదా చేసింది?” అన్నాడు. నేను తలూపాను. ఇప్పుడు అడుగుతాడు, ఉండనీ అన్నది నువ్వే కదా అని. దానికి సిద్ధంగానే ఉన్నాను.

“అత్తమ్మ ముందు నువ్వైనా ఏం సెప్తావులే అన్నయ్యా. పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక ఊరుకున్నావు. చదువుకున్నవాణ్ణి, నాకే తట్టాల్సింది. అన్ని ఆదివారాలు నువ్వు పడిన మెహనత్ అంతా మట్టి చేసీసినాను. మాఫ్ కర్ దో,” అన్నాడు.

తనని క్షమించమని నన్నే అడుగుతున్నాడు. పైగా నేను ఎందుకు ఊరుకున్నానో మర్యాదైన కారణం అతనే వెతికి నా చేతిలో పెట్టాడు. అది పుచ్చుకున్నాను. “పోనీలే,” అన్నాను.

అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు. “ఇది నా దగ్గరుంటే బతకదు. నువ్వే తీసుకుపో అన్నయ్యా. మొదట కన్ను వేసింది నువ్వే. పెద్దాయన తర్వాత సెప్పాడు నాకు, వారం వారం వచ్చి చూసేవాడివని. ఆ రోజు పులుసు దగ్గర నువ్వు వద్దన్నావు గానీ, ఇష్టం లేనివాడు అరగంట మాట్లాడతాడా అని నాకే తెలియాల్సింది.”

ఇప్పుడు జీపు మా షెడ్డులో ఉంది. నా ఫెర్రీ మీదే, ఇంకో బండికి కట్టి లాక్కొచ్చాం. నేల రేకు రెండోసారి కోశాను. చాసీలో చెడిన ముక్క తీసి కొత్తది అతకాలి, ఇంకో ఏడాది పని. పదేళ్ళు పట్టే బండి కావాలనుకున్నాను, దొరికింది. అతను ప్రతి ఆదివారం వస్తాడు. నా పక్కన కూర్చుని వైర్ బ్రష్‌తో తుప్పు గీకుతాడు, బోల్టులు అగ్గిపెట్టెల్లో వేస్తాడు. నేను ఓరకంట అతని మొహం చూస్తుంటాను, తన బండి ఇంకొకడి షెడ్డులో ఉందని ఏ మూలైనా ఏడుపు కనిపిస్తుందేమోనని. కనిపించదు. రేకు బాగా కూర్చుంటే నాకంటే ముందు అతనే చప్పట్లు కొడతాడు. జీపు నాదైపోయాక నా కుళ్ళు పోతుందనుకున్నాను. అది పోలేదు, జీపు మీంచి లేచి అతని మనసు మీద వాలింది. అలా ఇచ్చేసి, అలా నవ్వగలిగే మనసు నాకు లేదు, ఎన్నేళ్ళు గీకినా రాదు.

ఇదంతా తెలుగులో రాయడానికి కారణముంది. మాట్లాడతాడు గానీ మా తోడల్లుడికి తెలుగు చదవడం రాదు. మరదలికీ రాదు, ఆమె నాటికి ఇంట్లో అందరినీ హిందీ మీడియంలో వేసేశారు. నాకు మా నాన్న పలక మీద కొట్టి నేర్పించాడు. మా ఇళ్ళల్లో ఇంకా ఈ అక్షరాలు చదవగలిగింది మా ఆవిడ ఒక్కతే. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టి, ఇన్నాళ్ళూ నోటితో చెప్పలేనిదంతా దాచకుండా రాసుకున్నాను. రాత్రి ఇంతవరకూ రాసి కాయితాలు షెడ్డులో బల్ల మీద వదిలేసింది మరుపుతోనో, కావాలనో నాకే తెలియదు.

ఈ పొద్దున్న మా ఆవిడ వాటిని చేత్తో పట్టుకుని వచ్చింది. అన్నీ చదివినట్టే ఉంది. కేకలేస్తుందనుకున్నాను. కాయితాలు వరసగా సర్ది, నా ముందు పెట్టి, చాలా మెల్లగా అడిగింది.

“మరిది పది గంటల ఫెర్రీకి వస్తాడు. ఇది నువ్వు చదివి వినిపిస్తావా, నన్ను చదవమంటావా?”